పొగగంటకు కట్టిన చిక్కం

ఉప్పుగూడలోని మొగులయ్య ఇంటిని బాధ్యత గల ఏ అధికారి చూసినా ఒక నోటీసు రాసి ఉండేవాడు. ఎవరూ రాయలేదంటే, బాధ్యత గల అధికారి ఎవరూ దాన్ని చూడలేదనే అర్థం. కింద బర్రెల కొట్టం. కొట్టం పక్కన ఎండుగడ్డి మోపులు. మోపులను ఆనుకొని పైకి పోవడానికి ఒకే ఒక్క మెట్ల దారి. ఆ మెట్ల కింద, కొడుకు ఎల్లేష్ ఇంటింటికీ పాలు పోయడానికి తిరిగే కరెంటు స్కూటరు, అతుకులేసిన ప్లగ్ బోర్డుకు తగిలించి ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది. పైన రెండు గదులు, వంటిల్లు, మనుషులు. కిటికీలన్నిటికీ ఇనుప చట్రాలు. దొంగ లోపలికి రాలేడు, మంట లేస్తే మనిషి బయటికి పోలేడు. దొంగకూ ఇంటి యజమానికీ ఇంత సమానంగా న్యాయం చేసిన కట్టడం ఈ నగరంలో అరుదు అంటే పొరపాటు. ప్రతి గల్లీలో ఉంది.

మన నియమాలు భవనం ఎత్తు కొలుస్తాయి. ఆకాశాన్ని అందుకునే భవంతికి అనుమతులు, గొట్టాలు, గంటలు, తనిఖీలు అన్నీ కాగితం మీదనైనా ఉంటాయి. మొగులయ్య ఇల్లు పొట్టిది కాబట్టి అందులో లేచే మంట కూడా పొట్టిగానే ఉంటుందని ప్రభుత్వానికి గట్టి నమ్మకం. ఇలాంటి ఇల్లు కాలిన మరునాడు మాత్రం అందరూ వస్తారు. కమిటీ కూర్చుంటుంది. ‘పొగను ముందుగా పసిగట్టే పరికరం ఇంట్లో లేదు’ అని రాస్తుంది. పెట్టమని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడిగితే కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కనుక మొగులయ్య ఇంట్లో ఈ ప్రశ్న లేవనెత్తింది ప్రభుత్వం కాదు, అల్లుడు.

అల్లుడి పేరు ప్రేమ్‌రాజ్. ఒక ప్రభుత్వ బీమా ఆఫీసులో గుమాస్తా. కాలిపోయిన ఇళ్ల ఫొటోలు, దుకాణాల ఫొటోలు అతని బల్ల మీదికి వస్తాయి. ఏళ్ల తరబడి వాటిని చూసి చూసి, ఏ ఇంట్లో అడుగు పెట్టినా అది కాలిన తరువాత ఎలా ఉంటుందో అతనికి ముందే కనిపించే స్థితి వచ్చింది. పెళ్లిచూపులకు వచ్చిననాడు కూడా అమలను చూడడానికి ముందు మెట్ల కింద ఏముందో చూశాడని అత్తగారు శారదమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ అమల కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సుజన అని పేరు పెట్టారు. ఐదో నెల వచ్చేదాకా తల్లీబిడ్డలను పుట్టింట్లో ఉంచుకొని, ఆ తరువాత చీర, పసుపు కుంకుమలతో సాగనంపడం ఆ ఇంటి ఆచారం. మొగులయ్య దృష్టిలో అది ఆచారం కాదు, హక్కు. తెల్లవారుజామున లేచి బర్రెల మూతులు తడిమి, వాటి అలకలూ కోపాలూ తీర్చనిదే మనుషులతో మాట్లాడని మనిషి, మనుమరాలు పుట్టినప్పటి నుంచి ముందు పైకెక్కి ఊయలలోకి తొంగిచూసి, ఆ తరువాతే కొట్టంలోకి దిగుతున్నాడు. పెద్ద బర్రె నల్లమ్మ ఈ మార్పును గమనించి రెండు రోజులు పాలు ఎగబెట్టింది. మొగులయ్య దాని మెడ నిమిరి, వచ్చింది నీకూ బిడ్డలాంటిదే అని నచ్చజెప్పుకున్నాడు.

సుజనకు మూడో నెల నడుస్తుండగా ఒక ఆదివారం ప్రేమ్‌రాజ్ బిడ్డను చూడడానికి వచ్చాడు. బిడ్డను చూశాడు. తరువాత గడ్డిని, స్కూటరును, మెట్లను, కిటికీలను చూశాడు. అన్నం తిని చేయి కడుక్కుంటూ మామను అడిగాడు.

“మామా, కింద అంటుకుంటే పైనున్నోళ్లు ఎట్ల దిగాలె?”

“ఎందుకు అంటుకుంటది?”

“అంటుకుంటే.”

“మా నాయిన కాలం సంది అంటుకోలె అల్లుడా.”

“కాలిపోయినోళ్లందరు మా ఆఫీసుల గదే రాసిచ్చిన్రు మామా.”

ప్రేమ్‌రాజ్ చెప్పవలసింది చెప్పాడు. పైన పడుకునే గదిలో ఒకటి, మెట్ల పైకప్పుకు ఒకటి స్మోక్ అలారం పెట్టాలి. నెమ్మదిగా రాజుకునే నిప్పును వెలుతురుతో పసిగట్టే రకం కావాలి. కొట్టంలో దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ పొగను కాక వేడిని పట్టేది పెట్టాలి. ఒకటి మోగితే అన్నీ మోగాలి. వంటింటికి దూరంగా ఉండాలి. నెలకొకసారి బటన్ నొక్కి చూడాలి, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి, ఏడాదికొకసారి బ్యాటరీ మార్చాలి, పదేళ్లు దాటితే పారేసి కొత్తది తేవాలి. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పి, చివర తీర్పు కూడా వినిపించాడు.

“ఆఫీసుల ఆడిట్ అయినంక మల్ల వస్త. అప్పటికి గంట మోగాలె. మోగకుంటే తల్లీబిడ్డను ఆ రోజే తోల్కపోత.”

మొగులయ్య చెవికి ఈ మొత్తం ఉపన్యాసంలో చివరి భాగం ఒక్కటే ఎక్కింది. గంట మోగాలి, లేకపోతే బిడ్డ పోతుంది. అంతకుముందు చెప్పినవన్నీ చెరకు పిప్పిలా అక్కడే రాలిపోయాయి. ఊయల ఊపుతూ కూర్చున్న అమల మాత్రం అన్నీ విన్నది, అర్థం చేసుకున్నది. ముందు ఆ స్కూటరును మెట్ల కింద నుంచి తీయండి అని కూడా అన్నది. బాలింత మాటకు ఇంట్లో ఉండవలసినంత విలువే ఇచ్చారు. పథ్యం తిన్నావా అని అడిగారు.

మరునాడు మొగులయ్య గుండయ్యను వెంటబెట్టుకొని అఫ్జల్‌గంజ్ పోయాడు. గుండయ్య బర్రెల దలాలి. అంగడిలో ఏ పశువును కొనాలన్నా గుండయ్య చెయ్యి పడాలి. ప్రాణం ఉన్నదానికి అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ప్రాణాలు కాపాడేదానికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలన్నది మొగులయ్య తర్కం. ఆ తర్కంలో తప్పు లేదు. తప్పంతా అమలులోనే జరిగింది.

కరెంటు సామాన్ల దుకాణంలో కూర్చున్న యువకుడి పేరు మురళి. తెల్లటి బిళ్లల్లాంటివి నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. గుండయ్య వాటిని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశాడు. తరువాత ఒకదాన్ని తిరగేశాడు. వయసెంత అని అడిగాడు. మురళికి అర్థం కాలేదు. పుట్టింది ఎప్పుడు, ఎన్ని ఈతలైంది అని గుండయ్య విడమరిచి చెప్పాడు. మురళి దాని వెనుక అచ్చువేసిన తయారీ తేదీ చూశాడు. తానూ అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కొంచెం సేపు చూసి, దాన్ని మెల్లగా బల్ల కిందికి జార్చాడు. అది దుకాణంలోనే ముసలిదైపోయింది. ఈ దేశంలో ప్రాణరక్షణ పరికరాల పర్యవేక్షణ అంతా ఒక బర్రెల దలాలి అనుమానం మీద ఆధారపడి ఉన్నదని గమనించండి.

మిగిలిన మూడింటిలో వేడిని పట్టే రకాన్ని గుండయ్య తోసిపుచ్చాడు. ముక్కు లేని పశువు ఎందుకని ప్రశ్నించాడు. రెండు అలారాలను కలిపి మోగించే జతను మొగులయ్య తోసిపుచ్చాడు. జోడెద్దులు పొలానికి గాని ఇంటికి ఎందుకన్నాడు. చివరికి మిగిలిన ఒక్కదాన్ని మురళి బటన్ నొక్కి మోగించగానే వీధిలో పోతున్న వాళ్లు ఆగి చూశారు. దీని గొంతు బాగుందని ఇద్దరికీ నచ్చింది. ఇక బేరం మిగిలింది. గుండయ్య భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకొని, దాని కిందికి చెయ్యి పెట్టమన్నాడు. అంగడిలో ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. మురళికి ఆ భాష తెలియదు. పెద్దమనిషి ఏదో దుఃఖంలో ఉన్నాడనుకొని చెయ్యి పెట్టి, ఓదార్పుగా పట్టుకున్నాడు. ఆ పట్టు అర్థమేమిటో గుండయ్యకు ఎంత ఆలోచించినా తెలియలేదు. దుకాణం చెప్పిన ధరకే కొని వచ్చేశారు.

ఎల్లేష్ నిచ్చెన వేసి దాన్ని మెట్ల పైకప్పుకు బిగించాడు. కొట్టంలో నుంచి లేచే గాలి నేరుగా దాని మూతికి తగిలే చోటు అది. కొత్త వస్తువు ఇంటికి వస్తే ఊరికే ఉండకూడదు కనుక శారదమ్మ నిచ్చెనెక్కి దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. పొగ లోపలికి పోవడానికి చుట్టూ ఉన్న సన్నని సందుల్లో కొన్ని పసుపుతో పూడుకుపోయాయి. మొగులయ్య బటన్ నొక్కాడు. గంట మోగింది. అతని కంటికి ఐదో నెల దాకా మనుమరాలు తన ఇంట్లోనే ఉన్నట్టు కనిపించింది.

ఆ సంతోషం పొద్దుగూకేదాకానే. ఆ ఇంట్లో, ఆ గల్లీలో పాలవాళ్ల ఇళ్లన్నిటిలో, పొద్దుగూకే వేళ బర్రెలకు పొగ వేస్తారు. మట్టి మూకుడులో పిడకలు రాజేసి, పైన పచ్చి వేపాకు వేస్తే దట్టమైన పొగ లేస్తుంది. దోమలు పోతాయి, పశువు నెమ్మదిస్తుంది, పాలు చేపుతుంది. మొగులయ్య తాత వేశాడు, తండ్రి వేశాడు, తానూ వేశాడు. పొగ కొట్టం నిండి, మెట్లెక్కి, బొట్టు పెట్టుకొని కూర్చున్న కొత్త అతిథిని పలకరించింది.

గంట ఎంత గట్టిగా అరిచిందంటే, నల్లమ్మ కుడితి తొట్టిని తన్నేసింది. సుజన నిద్రలేచి గంటతో పోటీ పడింది. ఎల్లేష్ పాల బిందెతో సహా వీధిలోకి ఉరికాడు. పక్కింటి దర్జీ మున్నా కుట్టు మిషను వదిలి వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు.

“మొగులన్నా, క్యా హువా? ఇల్లు కాలుతున్నదా, బర్రె ఈనుతున్నదా?”

ఏదీ కాదని తెలిశాక మున్నా నవ్వుకుంటూ పోయాడు. మరునాడూ అదే జరిగింది, ఆ మరునాడూ అదే. నాలుగు రోజులు గడిచేసరికి గల్లీకి అలవాటైపోయింది. గంట మోగగానే ఆడవాళ్లు దీపం పెట్టడానికి లేచేవారు. మున్నా దుకాణంలో పనివాళ్లు చాయ్ కోసం లేచేవారు. ప్రమాదాన్ని చాటవలసిన శబ్దం రోజూ మోగి మోగి చివరికి చాయ్ గంటగా మారింది. అబద్ధపు సాక్ష్యం పదిసార్లు చెప్పిన సాక్షిని పదకొండోసారి ఏ న్యాయస్థానమూ నమ్మదు. గల్లీ కూడా నమ్మదు.

బిడ్డ నిద్ర చెడుతోందని అమల గట్టిగా అన్నది. గంటను గదిలోకి మార్చి, పొగ మూకుడును పెరట్లోకి జరపమని కూడా చెప్పింది. అలవాటైన చోట వేయకపోతే నల్లమ్మ పాలివ్వదని మొగులయ్య వాదించాడు. గంట తీసేద్దామంటే అల్లుడు వస్తాడు. పొగ ఆపేద్దామంటే బర్రె అలుగుతుంది. ఈ చిక్కుకు పరిష్కారం అతనికి కొట్టంలోనే, మేకుకు వేలాడుతూ కనిపించింది.

దుడ్డె, అంటే బర్రె పిల్ల, తల్లి దగ్గర పాలన్నీ తాగేయకుండా దాని మూతికి చిక్కం కడతారు. తాళ్లతో అల్లిన చిన్న బుట్ట అది. మొగులయ్య ఒక పాత చిక్కం తీసుకొని, లోపల తడి గోనె ముక్క కుక్కి, గంట మూతికి కట్టేశాడు. తాగకూడని వేళ దుడ్డె పాలు తాగదు, తాగకూడని వేళ గంట పొగ తాగదు. ఆ సాయంత్రం పొగ వేశాడు. గంట మోగలేదు. మున్నా పనివాళ్లకు చాయ్ ఆలస్యమైంది.

మొదట్లో పొగ తగ్గగానే నిచ్చెనెక్కి చిక్కం విప్పేవాడు. తరువాత తెల్లవారి విప్పేవాడు. ఆ తరువాత, ఎలాగూ సాయంత్రం కట్టవలసిందే కదా అని విప్పడమే మానేశాడు. దుడ్డెకైతే ఆకలి వేసి అరుస్తుంది, ఎప్పుడు విప్పాలో అదే గుర్తు చేస్తుంది. గంటకు ఆకలి లేదు. ఈ తేడా ఒక్కటే మొగులయ్య లెక్కలోకి రాలేదు.

ఇంతలో మరో విశేషం మొదలైంది. రోజూ అరిచి అరిచి లోపలి బ్యాటరీ నీరసించింది. బ్యాటరీ నీరసిస్తే ఈ పరికరాలు ఉండి ఉండి ఒక్కసారి ‘కిచ్’ అంటాయి, నన్ను మార్చండి అని మనవి చేసుకుంటాయి. శారదమ్మ మెట్ల మీద కూర్చొని బియ్యం ఏరుతూ, బిడ్డ ఇంకో రెండు నెలలు ఇక్కడనే ఉంటదని పక్కింటామెతో అంటుండగా పైనుంచి ‘కిచ్’ అని వినబడింది. శారదమ్మ వేలితో నేల మీద తట్టి, సత్యం సత్యం అన్నది. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట నిజమవుతుంది. బల్లి ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. బల్లి కనబడాలన్న నియమం లేదు, పలకాలి అంతే.

అప్పటి నుంచి ఆమె ముఖ్యమైన మాటలన్నీ మెట్ల మీదే మాట్లాడడం మొదలుపెట్టింది. ఎల్లేష్‌కు ఈ ఏడాది సంబంధం కుదురుతుందన్నది, కిచ్. ఉప్పుగూడలో నీళ్లు రోజూ వస్తాయన్నది, దానికి కూడా కిచ్ వచ్చింది. అప్పుడైనా అనుమానం రావలసింది. అమల పాలిచ్చుకుంటూ లోపలి నుంచి, అది బల్లి కాదమ్మా, బ్యాటరీ అని అన్నది. ఆ మాటకు మాత్రం పైనుంచి ఏమీ పలకలేదు. కనుక అబద్ధమని తేలిపోయింది. ఆ వారం చివరకు బల్లి పూర్తిగా మూగబోయింది. శారదమ్మ కొంత దిగులుపడింది, ఏదో అరిష్టమన్నది. అరిష్టం నిజమే. బ్యాటరీ చచ్చిపోయింది.

ప్రేమ్‌రాజ్ ఆడిట్ ముగిసిన ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. అతను గల్లీ మొదట్లో కనబడగానే ఎల్లేష్ ఫోన్ చేశాడు. మొగులయ్య పరుగున నిచ్చెనెక్కి చిక్కం ఊడదీసి గడ్డిలో పడేశాడు. పసుపు తుడవడానికి సమయం చాలలేదు. ప్రేమ్‌రాజ్ మెట్లెక్కుతూ తలెత్తి చూశాడు. కుంకుమ బొట్టు, ఎండిన నిమ్మకాయ, సందుల్లో గోనె పీచు.

“ఏంది మామా, దీనికి పెండ్లి చేసిన్రా?”

“మస్తు గొంతు అల్లుడా. గల్లీ అంతా అడుగు.”

తిన్నాక చూద్దామని అత్తగారు ఇద్దరినీ విస్తరి ముందు కూర్చోబెట్టింది. మటన్ కూర వడ్డించింది. ప్రేమ్‌రాజ్ రెండోసారి పెట్టించుకుంటూ చెయ్యి ఆపి, గాలి పీల్చాడు.

“మామా, మీరు పొగ మధ్యాహ్నం కూడ ఏస్తరా?”

గదిలో పలుచని పొగ ఉంది. అందరూ పీలుస్తున్నారు, ఎవరికీ పట్టలేదు. రోజూ పొగ పీల్చే ఇంట్లో ముక్కు సాక్ష్యం చెల్లదు. శారదమ్మ భర్తే వేశాడనుకున్నది. ఎల్లేష్ తల్లి వేసిందనుకున్నాడు. మొగులయ్య మాత్రం తాను వేయలేదని తెలిసినవాడు. చేతిలోని ముద్ద విస్తరిలో పడేసి లేచాడు.

మిగిలిన వాళ్లు ఒకరినొకరు అడుగుతుండగానే అమల బిడ్డను తడిగుడ్డలో చుట్టుకొని మెట్లు దిగి వీధిలో నిలబడింది. మెట్ల కింద ప్లగ్ బోర్డు కరిగి కారుతోంది. దానికి జానెడు దూరంలో గడ్డి మోపు, దాని మీద గంట మూతి నుంచి తీసి పడేసిన చిక్కం. ఎల్లేష్ నీళ్ల బకెట్ ఎత్తబోతే ప్రేమ్‌రాజ్ పట్టుకొని ఆపాడు, ముందు మెయిన్ స్విచ్ తీయమని అరిచాడు. స్విచ్ తీశాక మున్నా ఇంటి ముందు గోడ కట్టడానికి పోసిన ఇసుకను తట్టలతో తెచ్చి పోశారు. మొగులయ్య గడ్డి మోపులను రెండు చేతులతో వీధిలోకి విసిరాడు. స్కూటరును బయటికి లాగారు. బోర్డు మాడి మసై, నిప్పు ఆరిపోయింది. మున్నా పనివాళ్లు కూడా సాయం పట్టారు, వాళ్లలో ఒకడు గంట మోగలేదేంది అన్నా అని అమాయకంగా అడిగాడు.

అందరూ మెట్ల పైకి చూశారు. ప్రేమ్‌రాజ్ పైకి పోయి బటన్ నొక్కాడు. ఏమీ మోగలేదు. మళ్లీ నొక్కాడు. అతను కోప్పడి ఉంటే బాగుండేది. కిందికి వచ్చి, మాడిన బోర్డు పక్కన కూర్చున్నాడు. అలాంటి ఫొటో అతని బల్ల మీద చాలాసార్లు వచ్చి ఉంటుంది.

మొగులయ్య గడ్డిలో నుంచి చిక్కం ఏరి చేతిలో పట్టుకున్నాడు. అల్లుడి ఎదుట నిలబడ్డాడు.

“నేనే కట్టిన అల్లుడా దాని మూతికి. బిడ్డను తోల్కపో.”

“మామా...”

“తోల్కపో. నువ్వు చెప్పినప్పుడు నాకు గంట ఇనబడ్డది, మాట ఇనబడలె.”

సాయంత్రానికి అమల, సుజన మల్కాజిగిరిలో ప్రేమ్‌రాజ్ ఇంటికి వెళ్లిపోయారు. చీర, పసుపు కుంకుమలు లేవు, శారదమ్మ ఏడుస్తూ ఆటోలో ఒక డబ్బా కారప్పొడి పెట్టింది. ఆ రాత్రి మొగులయ్య పొగ వేయలేదు. నల్లమ్మ పాలూ ఇవ్వలేదు.

మరునాటి నుంచి అతను అమలకు ఫోన్ చేసి, అల్లుడు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చెప్పించుకున్నాడు. చెప్పిన ప్రతిదాన్నీ ఆమె అతనిచేత తిరిగి చెప్పించింది. స్కూటరు పెరట్లో రేకు కిందికి, కొత్తగా వేసిన వేరే కరెంటు తీగకు మారింది. గడ్డి మెట్లకు దూరంగా గోడ అవతలికి పోయింది. ఒక కిటికీ చట్రానికి లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించారు. గుండయ్య మళ్లీ అఫ్జల్‌గంజ్ వచ్చి అన్నిటికీ వయసు చూశాడు. పడుకునే గదిలో ఒకటి, మెట్ల పైన కొట్టం గాలి నేరుగా తగలని చోట ఒకటి, కొట్టంలో ముక్కు లేనిదని తోసిపుచ్చిన వేడి రకం ఒకటి. ఒకటి మోగితే మూడూ మోగుతాయి. పొగ మూకుడును రోజుకొక అడుగు చొప్పున, నల్లమ్మ గమనించకుండా, పెరటి వైపు జరిపాడు. అది గమనించే ఉంటుంది, కానీ క్షమించింది. శారదమ్మ బొట్టు పెట్టడానికి వస్తే గోడకు పెట్టుకొమ్మన్నాడు.

అంతా అయ్యాక, కొత్త తువ్వాల భుజాన వేసుకొని, పాలు, వెన్న పట్టుకొని మల్కాజిగిరి పోయాడు. బిడ్డను పంపమని అడగడానికి వచ్చానని అతను అనలేదు. ఇట్లనే చూసిపోదామని వచ్చానన్నాడు. ప్రేమ్‌రాజ్ మర్యాదగా కుర్చీ వేశాడు, మామ చేసిన ఏర్పాట్లన్నీ విని తల ఊపాడు. మంచిగ చేసిన్రు మామా, కానీ ఐదో నెల ఎట్లాగూ దగ్గరికి వచ్చింది, బిడ్డ ఇక్కడ అలవాటు పడ్డది, మళ్లీ తిప్పుడు ఎందుకు అన్నాడు. మొగులయ్య ఒప్పుకున్నట్టు తల దించుకున్నాడు. సుజనను ఒడిలోకి తీసుకున్నాడు. ఆమె అతని మీసం పట్టుకొని లాగింది. నొప్పికి తల వెనక్కి వాల్చేసరికి, కళ్లు పైకప్పు మీద పడ్డాయి.

చాలాసేపు అలాగే చూశాడు. తెల్లటి సున్నం, ఒక ఫ్యాను. లేచి బిడ్డతో సహా పడుకునే గదిలోకి పోయి అక్కడ కూడా చూశాడు. తిరిగి వచ్చి తలుపు బయట, అపార్టుమెంటు మెట్ల కింద వరుసగా ఛార్జింగులో ఉన్న స్కూటర్లను చూశాడు.

“అల్లుడా, మీ గంట ఏది?”

అది సొసైటీ వాళ్లు పెట్టాలని ప్రేమ్‌రాజ్ అన్నాడు. సొసైటీ మీటింగులో రెండుసార్లు అనుకున్నామన్నాడు. ఇక్కడ గడ్డి లేదు కదా మామా అన్నాడు. ఆఖరుకు, ఇన్నేండ్లల్ల ఎప్పుడు ఏం కాలేదు మామా అని అనేసి, ఆ వాక్యం తన చెవినే తాకగానే ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని అతను ఎన్ని కాగితాల మీద చదివి ఉంటాడో అతనికే తెలియాలి.

మొగులయ్య తొందరపడలేదు. బిడ్డను భుజాన వేసుకొని, అదే మాటలను, ఒక్కటీ మార్చకుండా, అదే వరుసలో అప్పజెప్పాడు.

“గంట మోగాలె. మోగకుంటే తల్లీబిడ్డను ఆ రోజే తోల్కపోత.”

నియమమంటే ఇద్దరికీ ఒకటే ఉండాలి. అల్లుడు చేసిన నియమం మామకు వర్తించినప్పుడు, అల్లుడికి ఎందుకు వర్తించదో చెప్పగల వాదన ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. ప్రేమ్‌రాజ్ చివరి ఆశగా భార్య వైపు చూశాడు. అమల లోపలికి పోయి సంచి తీసుకొని వచ్చింది. బిడ్డ గుడ్డలు, పాల గిన్నె, దుప్పటి అన్నీ అప్పటికే మడతలు పెట్టి ఉన్నాయి. ఈ ఇంటికి తిరిగి వచ్చిన రోజే ఆమె పైకప్పు చూసుకున్నది. చెబితే పథ్యం తిన్నావా అంటారని, నాన్న తలెత్తే దాకా ఆగింది.

“పోదాం పా బాపు,” అన్నది.

ఐదో నెల దాకా సుజన ఉప్పుగూడలోనే ఉంది. నెల దాకా ఆగలేక వారానికొకసారి మొగులయ్య ఆమెను ఎత్తుకొని బటన్ నొక్కేవాడు, మూడు గంటలూ ఒక్కసారే మోగేవి, మున్నా పనివాళ్లు మోసపోయి చాయ్‌కు లేచేవారు. ఈలోగా ప్రేమ్‌రాజ్ ఒక శనివారం సెలవు పెట్టి అఫ్జల్‌గంజ్ వెళ్లాడు. ఒంటరిగా కాదు. మామ మాట మీద గుండయ్యను వెంటబెట్టుకున్నాడు. మురళి దూరం నుంచే గుండయ్యను గుర్తుపట్టి, ఏమీ అడగకముందే, చెయ్యి ముందుకు చాచి అతని భుజం మీది తువ్వాల కిందికి పెట్టాడు.